ప్రతి ఓడలోనూ ఫిలిప్పీన్స్ వాళ్లే! సముద్రం నిజంగా వాళ్ల రక్తంలో ఉందా?

కవిటి_కుర్రోడు
ఓడలో కింది స్థాయి పనివాడిగా చేరడానికి చదివే జీపీ రేటింగ్ కోర్సు అయిపోయి పంతొమ్మిది నెలలైంది. సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) చేతిలో ఉంది, బ్యాగు సర్దే ఉంది, ఓడ మాత్రం రాలేదు. మొన్న వైజాగ్‌లో ఒక ఆఫీసుకు వెళ్తే అక్కడి పెద్దమనిషి "ఆ కంపెనీ ఓడలన్నీ ఫుల్ ఫిలిప్పీన్ క్రూ బాబూ, నీకు చోటు లేదు" అన్నాడు. ఎందుకలా అంటే, "సముద్రం వాళ్ల రక్తంలో ఉంది, మనది వ్యవసాయం రక్తం" అని టీ తాగుతూ తేల్చేశాడు.

మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. మా నాన్న ఇంజిన్ బోటు మీద పారాదీప్ దాకా వెళ్లొచ్చాడు. మాది వ్యవసాయం రక్తం ఎప్పుడైందో నాకు తెలీదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇంత తీరం పెట్టుకుని మనకు లేనిది వాళ్లకేం ఉంది? తెలిసినవాళ్లు చెప్పండి. వాళ్లను తిట్టడానికి కాదు, అర్థం కాక అడుగుతున్నా.

హుస్సేన్‌సాగర్_కెప్టెన్
తీరం ఉన్నోళ్లే ఇట్లంటే మా సంగతేంది భయ్? మేం బుద్ధుడి విగ్రహం దాకా పోయి రావడమే సముద్రయానం.

మూడో_ఇంజనీరు
పదకొండేళ్లుగా ఓడల్లో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. నా మొదటి ఓడలో 22 మందిమి, అందులో 17 మంది ఫిలిప్పీన్స్ వాళ్లే. రక్తం గిక్తం ఏం లేదు తమ్ముడూ. అదంతా పాలసీ.

1974లో ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ ప్రభుత్వం కొత్త లేబర్ కోడ్ తెచ్చింది. దేశంలో ఉద్యోగాల్లేవు, చమురు ధర మండిపోతోంది, డాలర్లు కావాలి. జనాన్ని బయటికి పంపడమే సర్కారు పని అయింది. ఓడవాళ్ల కోసం విడిగా బోర్డే పెట్టారు. అదే కాలంలో యూరప్ ఓడల యజమానులు ఓడల్ని పనామా, లైబీరియాల్లో రిజిస్టర్ చేయించి ఆ దేశాల జెండాలు కట్టుకుని చౌకగా క్రూ కోసం వెతుకుతున్నారు. రెండూ కలిశాయి. నావికుడి బేసిక్ జీతంలో కనీసం 80 శాతం నెలనెలా ఇంటికి పంపాల్సిందేనని కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది. ఇవాళ ఓడవాళ్ల దగ్గర్నుంచే ఆ దేశానికి ఏటా 600 కోట్ల డాలర్ల పైన వస్తున్నాయి.

2021 లెక్కలో ప్రపంచం మొత్తం మీద నావికులు దాదాపు 18.9 లక్షలు. ఎక్కువ మందిని పంపే మొదటి ఐదు దేశాల్లో మనమూ ఉన్నాం, వాళ్లు మొదటి స్థానం. అంటే నీకు చెప్పిన ఆ పెద్దమనిషికి లెక్కా తెలీదు, చరిత్రా తెలీదు.

పాతరాతల_పిచ్చోడు
లెక్క సరే గానీ చరిత్ర మీకూ కొంచెం తెలియాలి మూడో_ఇంజనీరు గారూ. అంతా 1974లో మొదలైనట్టు చెప్తే ఎలా?

వాళ్ల దేశంలో అన్నిటికంటే చిన్న పాలనా ప్రాంతాన్ని బరంగాయ్ అంటారు. మన గ్రామ పంచాయతీ లాంటిది, అలాంటివి 42 వేలకు పైగా ఉన్నాయి. ఆ మాట 'బలంగాయ్' అనే పడవ పేరు నుంచే వచ్చింది. మాగెల్లాన్‌తో 1521లో వచ్చిన పిగఫెట్టా అనే ఇటలీవాడు తన రాతల్లో ఆ పడవ పేరు రాసి పెట్టాడు. ఒక పడవలో దిగిన బంధువర్గం ఒక ఊరు, పడవ నడిపిన పెద్ద ఆ ఊరికి పెద్ద. ఊరికీ పడవకీ ఒకటే పేరున్న జాతి ఇంకోటి ఉంటే చూపించండి.

1001లోనే బుటువాన్ అనే రేవు నుంచి చైనా సాంగ్ రాజుల కొలువుకు దూతలు వెళ్లినట్టు చైనా రికార్డుల్లో ఉంది. మార్కోస్ పంపాడా వాళ్లను?

దోసావకాయ
అయితే వాళ్ల సర్పంచ్ నామినేషన్ వేస్తే "మా పడవ అధ్యక్షుడు" అనాలన్నమాట. మా ఊళ్లో ఆ పడవకి నాలుగు చిల్లులు, ఐదు పార్టీలు.

హుస్సేన్‌సాగర్_కెప్టెన్
చిల్లులకి తారు పూయించినట్టు బిల్లు పెట్టే ఉంటారు.

దవావ్_డాక్టరమ్మ
మాది గుంటూరు. మెడిసిన్ ఫిలిప్పీన్స్‌లోని దవావ్‌లో చదివాను, అక్కడ మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో చాలామందికి తెలిసే ఉంటుంది. సెలవుల్లో రాత్రి బస్సెక్కి బుటువాన్ వెళ్లాను, అదీ ఫ్రెండ్ ఇంట్లో పెళ్లి కోసం. వాళ్ల నాన్న మర్నాడు మ్యూజియానికి లాక్కెళ్లాడు. నేను విసుక్కుంటూనే వెళ్లా.

1976లో బంగారం కోసం తవ్వేవాళ్లకి బురదలో పాత పడవ చెక్కలు దొరికాయట. బంగారం కాదని వాళ్లు నిరాశపడి ఉంటారు. అవే ఈ బలంగాయ్‌లు. పొడవు దాదాపు 15 మీటర్లు. ముందు 320 నాటివి అన్నారు, తర్వాత మళ్లీ పరీక్షిస్తే 7 నుంచి 10వ శతాబ్దం మధ్యవని తేలింది. అంటే వెయ్యేళ్ల పైమాటే.

పలకల అంచుల్లో చెక్కమేకుల రంధ్రాలు కనిపిస్తాయి, ఇనుప మేకు ఒక్కటీ లేదు. పలక లోపలివైపు చదునుగా చెక్కకుండా అక్కడక్కడా బొడిపెలు వదిలేశారు. ఆ బొడిపెలకి రంధ్రం చేసి, తాడి జాతి చెట్టు నల్లనారతో లోపలి అడ్డకర్రలకి బిగించి కట్టేవాళ్లట. ముందు పలకలు ఒకదానిమీదొకటి పేర్చి ఒళ్లు తయారు చేసుకుని, ఆ తర్వాత లోపల పక్కటెముకలు కట్టడం. యూరప్ వాళ్ల తర్వాతి కాలపు పెద్ద ఓడలది ఉల్టా, ముందు అస్థిపంజరం, తర్వాత చర్మం. అనాటమీ క్లాసు అప్పుడే అయింది కాబట్టి ఇది బుర్రలో అలా ఉండిపోయింది.

నాకు ఇంకా గుర్తున్నది వేరే. దవావ్ నుంచి ఎదురుగా ఉండే సమాల్ దీవికి బంగ్కాలో వెళ్లేవాళ్లం. సన్నటి పడవ, రెండు పక్కలా వెదురు బొంగులు రెక్కల్లా చాచి ఉంటాయి, వాటిని కతిగ్ అంటారు. ఒకసారి బొంగు కట్టు వదులైంది. పడవవాడు, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, ఇంజిన్ ఆపి ఆ బొంగు మీదకి నడుచుకుంటూ వెళ్లి, నోట్లో లావుపాటి నైలాన్ దారం పట్టుకుని, కూర్చుని కట్టేసి వచ్చాడు. పడవ ఊగుతూనే ఉంది. మేమందరం లైఫ్ జాకెట్లు పట్టుకుని హనుమాన్ చాలీసా. కింద ఇంజిన్ ఉంది, పలకలు ప్లైవుడ్, దారం నైలాన్. కట్టుబడి మాత్రం మ్యూజియంలో చూసిన పడవకి చుట్టంలానే ఉంది.

కవిటి_కుర్రోడు
మా తెప్పలకీ మేకులుండవు మేడమ్. దుంగలన్నీ తాడుతోనే కడతారు. వేట నుంచి రాగానే విప్పి ఒడ్డున ఆరబెట్టేవాళ్లు, మళ్లీ తెల్లారి కట్టుకునేవాళ్లు. మా తాత ముడి వేస్తే నేను విప్పలేకపోయేవాణ్ని.

మూడో_ఇంజనీరు
బాగుంది డాక్టర్ గారూ, నేనూ వెళ్లాల్సింది. కానీ నా పాయింటు అలాగే ఉంది. వెయ్యేళ్ల నాటి చెక్క చూపించి డీజిల్ ఓడలో ఎవడూ ఉద్యోగం ఇవ్వడు.

ఇంకో మాట. సముద్రం అంతగా తెలిసిన జాతే అయితే 1987 డిసెంబర్ 20న డోన్యా పాజ్ ఫెర్రీ ప్రమాదం ఎందుకు జరిగింది? క్రిస్మస్‌కు ఇళ్లకు పోయే జనం. దాదాపు 1,500 మందికి అనుమతి ఉన్న ఫెర్రీలో నాలుగు వేల పైన ఎక్కించారు. చమురు ట్యాంకర్‌ను గుద్దుకుని కాలిపోయింది, ప్రాణాలతో బయటపడింది పాతిక మందే. యుద్ధం లేని కాలంలో ప్రపంచంలోనే అతి పెద్ద ఓడ ప్రమాదం అది. వారసత్వం కాపాడదండీ. రూలు, డ్రిల్లు, టికెట్ చూసేవాడు కాపాడతాడు.

పాతరాతల_పిచ్చోడు
పడవ నడిపేవాడి తప్పుకి పడవ కట్టిన ముత్తాతను బోనులో నిలబెడుతున్నారు మీరు. ఫెర్రీ యజమాని అత్యాశకీ జాతి నేర్పుకీ ఏం సంబంధం? మన దగ్గర గోదావరిలో పడవ మునిగితే గోదారోళ్లకి పడవ రాదంటామా?

1974కి ముందు సంగతి చెప్తా వినండి. 1565 నుంచి 1815 దాకా, రెండొందల యాభై ఏళ్లు, మనీలా నుంచి మెక్సికోలోని అకపుల్కోకి స్పెయిన్ వాళ్ల గాలియన్ ఓడలు తిరిగాయి. ఇటునుంచి చైనా పట్టు, పింగాణీ, అటునుంచి వెండి. మనీలా నుంచి అటు పోయేసరికి నాలుగైదు నెలలు, ఒక్కోసారి ఆరు. ఆ ఓడల్లో ఎక్కువ భాగం కట్టింది ఫిలిప్పీన్స్‌లో, నడిపిన కళాసీల్లో చాలామంది అక్కడివాళ్లే, స్పెయిన్ నావికుడి కంటే తక్కువ జీతానికి. ఇప్పటి ఫార్ములా అప్పుడే ఉంది, చూశారా? తక్కువ జీతం, ఎక్కువ పని, వేరేవాడి జెండా.

అదేమీ సంతోషంగా చేసిన పని కూడా కాదు. మనీలా పక్కన కావిటే రేవులో ఓడలు కట్టడానికి ఊళ్ల నుంచి మగాళ్లని వెట్టికి లాక్కెళ్లేవాళ్లు. దేశం మధ్యలో ఉండే విసయా దీవులవాళ్లని కూడా అంత దూరం పంపాలని గవర్నరు హుకుం ఇస్తే 1649లో సమర్ దీవిలో సుమురోయ్ అనేవాడి నాయకత్వంలో తిరగబడ్డారు. చుట్టుపక్కల దీవులకూ పాకింది.

కవిటి_కుర్రోడు
ఆగండాగండి. కావిటేనా? మాది కవిటి! ఉద్దానం. మా కొబ్బరి తోటల్లోంచి ఓడలు కట్టించారా ఏంటి?

దోసావకాయ
వీసా అక్కర్లేదు తమ్ముడూ నీకు. అడ్రస్ ప్రూఫ్‌లో స్పెల్లింగ్ తప్పు అని చెప్పు.

పాతరాతల_పిచ్చోడు
😀 సంబంధం లేదు బాబూ, శబ్దం కలిసిందంతే. కానీ కొబ్బరి మాట ఎత్తావు కాబట్టి చెప్తా. గాలియన్‌లు దిగి పారిపోయిన ఫిలిప్పీన్స్ కళాసీలు మెక్సికోలోని కొలిమా తీరంలో స్థిరపడి అక్కడివాళ్లకి కొబ్బరి కల్లు గీయడం నేర్పారు. దాన్ని ఇప్పటికీ అక్కడ 'తుబా' అనే అంటారు, ఫిలిప్పీన్స్ మాటే.

1587 అక్టోబర్‌లో ఒక ఓడ కాలిఫోర్నియాలో ఇప్పటి మోరో బే దగ్గర ఆగినప్పుడు ఒడ్డున దిగినవాళ్లలో లూజోన్ (మనీలా ఉన్న దీవి) మనుషులున్నారు. అమెరికా గడ్డ మీద ఆసియావాళ్లు కాలుపెట్టిన సంగతి కాగితం మీద కనిపించేది అక్కడే మొదలు. తర్వాత లూసియానా చిత్తడి నేలల్లో సెయింట్ మాలో అని కర్రల మీద నిలబెట్టిన ఇళ్ల ఊరు కట్టుకుని రొయ్యలు, చేపలు పట్టుకు బతికారు. ఆస్ట్రేలియాలో బ్రూమ్, టోరెస్ జలసంధి దగ్గర ముత్యాల కోసం మునిగినవాళ్లలోనూ 'మనీలామెన్' ఉన్నారు. ఓడ దిగి పారిపోవడం కూడా సముద్ర వారసత్వమే నా లెక్కలో.

ఉప్పుచేప_ఫ్యాన్
రక్తం కాదంటారేంటి, సైన్సే చెప్పింది కదా? బజావ్ అని సముద్రం మీదే బతికే జనం ఉన్నారు, వాళ్లకి ప్లీహం మామూలు కంటే పెద్దదిగా ఉంటుందని 2018లో పరిశోధన వచ్చింది. ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి మునగడానికి. జీన్స్‌లోనే ఉందంట.

దవావ్_డాక్టరమ్మ
ఆ పేపర్ చదివాను. నిజమే, ప్లీహం దాదాపు 50 శాతం పెద్దది. కాకపోతే పరీక్షించింది ఇండోనేషియాలోని బజావ్ వాళ్లని, పోల్చింది పక్కనే నేల మీద బతికే సలువాన్ అనే జనంతో. ఫిలిప్పీన్స్‌లోనూ దక్షిణాన సులు, తావితావి దీవుల వైపు వీళ్ల బంధువులు సామా దిలావుత్ ఉన్నారు, లేపా అనే ఇల్లుపడవల్లో పుట్టి పెరిగిన జనం. 11 కోట్ల దేశంలో వాళ్లు పిడికెడు.

ఇక అసలు విషయం. ఆ ప్లీహం ఉన్నవాళ్లు పెద్ద ఓడల్లో ఉద్యోగం చేయడం నేను చూడలేదు. దవావ్ వీధుల్లో పిల్లల్ని చంకనేసుకుని ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర చేయి చాచేది వాళ్లే. బడి చదువు లేదు, సర్టిఫికెట్ లేదు, సరైన బర్త్ రికార్డు కూడా ఉండదు చాలామందికి. సముద్రం నిజంగా ఎవరి ఒంట్లో ఉందో వాళ్లకే ఓడలో చోటు లేదు.

మూడో_ఇంజనీరు
డాక్టర్ గారు నా కేసు నాకంటే బాగా వాదించారు. ఇంజిన్ రూమ్‌లో ప్లీహంతో పనేంటండీ, అక్కడ కావాల్సింది చెవులు.

పాతరాతల_పిచ్చోడు
అయినా ఆ సామా వాళ్ల చేతిలోనే పడవ విద్య మిగిలింది. 2009లో కొందరు ఫిలిప్పీన్స్ వాళ్లు పాత పద్ధతిలో బలంగాయ్ కట్టి నడపాలనుకున్నారు. తమాషా ఏంటంటే ఆ జట్టును నడిపింది ఎవరెస్ట్ యాత్ర నడిపిన ఆర్ట్ వాల్డెజ్. కొండ ఎక్కేవాళ్లకి డబ్బు, ధైర్యం దొరికాయి, పడవ కట్టడం తెలిసినవాళ్లు దొరకలేదు. చివరికి తావితావి నుంచి సామా వడ్రంగుల్ని మనీలాకి పిలిపించి కట్టించారు. కొలతలు కాగితం మీద లేవు, ఆ పెద్దాయనల కంట్లో ఉన్నాయి.

పాత_సరంగు
కాకినాడ. 34 ఏళ్లు ఓడల్లో చేసి బోసన్‌గా, అంటే డెక్ పనివాళ్ల మేస్త్రీగా, దిగాను. ఇంతసేపూ చదువుతున్నా, పిల్లలు బాగా కొట్టుకుంటున్నారు.

కవిటి బాబూ, నీ ఏడుపు నాకు తెలుసు. వాళ్ల ఏడుపు కూడా తెలుసుకో. మనీలాలో కలావ్ వీధి అని ఉంది, లునెటా పార్కు పక్కన. ఓడలో చేరడానికి (సైన్ ఆన్) వెళ్లినప్పుడు రెండు వారాలు అక్కడే తిరిగాను. పేవ్‌మెంటు మీద ఓడలకి మనుషుల్ని కుదిర్చే మ్యానింగ్ ఏజెన్సీల వాళ్లు అట్టముక్కల మీద "ఏబీ కావాలి, ఆయిలర్ కావాలి, కుక్ కావాలి" అని రాసుకుని నిలబడతారు. ఏబీ అంటే డెక్ మీద పనిచేసే అనుభవమున్న నావికుడు, ఆయిలర్ అంటే ఇంజిన్ రూమ్ పనివాడు. మన అడ్డా మీద కూలీల కోసం మేస్త్రీ వచ్చినట్టే. కుర్రాళ్లు ప్లాస్టిక్ ఫోల్డర్లలో సర్టిఫికెట్లు పట్టుకుని చెమటలు కక్కుతూ తిరుగుతుంటారు. నలభై దాటినవాళ్లు కూడా ఉంటారు.

కోర్సు అయిన కుర్రాళ్లు 'యుటిలిటీ' అని ఏజెన్సీ ఆఫీసుల్లో ఊరికే పనిచేస్తారు. టీ తేవడం, ఫైళ్లు మోయడం, సారు కారు తుడవడం, సారు ఇంట్లో తోట పని. నెలలు, కొందరికి ఏడాది పైన. జీతం ఉండదు, ఎప్పుడో ఒక ఓడ ఇస్తారని ఆశ. నాతో చేసిన ఒక ఏబీ పద్నాలుగు నెలలు అలా చేశాడు. ఆఫీసు మేడమ్ కుక్కకి స్నానం చేయించేవాణ్నని నవ్వుతూ చెప్పేవాడు. ఆ కుక్క పేరు గుర్తుంది వాడికి, మేడమ్ పేరు గుర్తులేదు.

కవిటి_కుర్రోడు
పెద్దాయనా, ఇది తెలీదు నాకు. వాళ్లకి అడగ్గానే ఓడ ఇస్తారనుకున్నా.

నేనూ ఒక ఏజెంటుకి మూడు లక్షలు ఇచ్చాను. "వచ్చే నెల" అంటూనే ఉన్నాడు. ఇంట్లో అమ్మ గాజులు పోయాయి.

పాత_సరంగు
ఇది ముందే చెప్పొద్దూ? ఉద్యోగం ఇప్పిస్తానని నీ దగ్గర డబ్బు తీసుకోవడమే నేరం. లైసెన్సున్న ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు ఉంటుంది, కేంద్ర ప్రభుత్వ ఓడల శాఖ డీజీ షిప్పింగ్ సైట్‌లో చూడు. అది లేకపోతే వాడు దొంగ. ఉండీ డబ్బు తీసుకుంటే లైసెన్సున్న దొంగ. ఇచ్చిన డబ్బుకి రసీదు, ఫోన్ మెసేజ్‌లు, ఏముంటే అవి జాగ్రత్త చెయ్యి. ఇంకో రూపాయి ఇవ్వకు. డబ్బిచ్చి ఏదో ఒక పాత ఓడ ఎక్కి ఇరాన్ నీళ్లలో జీతం లేకుండా లంగరేసుకుని కూర్చున్న కుర్రాళ్లు నాకు తెలుసు. దానికంటే ఒడ్డున ఉండటం మేలు.

విశాఖ_ఇల్లాలు
మావారు సెకండ్ ఆఫీసర్. ఓడలో ఫిలిప్పీన్స్ వాళ్ల ఇళ్లవాళ్లతో మాకు ఒక గ్రూపు ఉంది. ఇక్కడందరూ చరిత్ర మాట్లాడుతున్నారు కాబట్టి ఇంటి వైపు సంగతి ఒకటి రాస్తాను.

పైన చెప్పిన 80 శాతం ఉంది కదా, అది భార్య అకౌంట్‌లోనో అమ్మ అకౌంట్‌లోనో పడుతుంది. ఓడలో మనిషి చేతిలో మిగిలేది సబ్బు, సిగరెట్, ఫోన్ డేటాకి. మా గ్రూపులో 'ఇలోయిలో' అనే ఊరి ఆవిడ ఒకామె ఇల్లు కడుతోంది, మూడేళ్లుగా. ఒక కాంట్రాక్టుకి పునాది, ఒక కాంట్రాక్టుకి గోడలు. మొన్న స్లాబ్ ఫోటో పెట్టి "మా ఆయన ఇంకా ఈ ఇంటిని కళ్లారా చూడలేదు" అని రాసింది. ఆయన కాంట్రాక్టు అయ్యేలోపు రంగులేయించాలట.

2024 మార్చిలో ఏడెన్ గల్ఫ్‌లో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద క్షిపణి పడ్డ రోజు ఆ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు. ముగ్గురు పోయారు, ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒకరు వియత్నాం. మిగిలినవాళ్లని మన నేవీ ఐఎన్ఎస్ కోల్‌కతా కాపాడింది. ఆ ఓడలో మన భారతీయుడు కూడా ఒకరున్నారు. ఆ రాత్రి ఇలోయిలో ఆవిడ నాకు ఫోన్ చేసి "మీ నేవీకి థాంక్స్ చెప్పు" అంది. నేనేదో అడ్మిరల్‌ని అయినట్టు "సరే చెప్తా" అన్నాను.

రక్తంలో సముద్రం ఉందో లేదో నాకు తెలీదు. క్యాలెండర్‌లో మాత్రం ఉంటుంది. మా ఇద్దరి ఇళ్లలోనూ ఒకటే రకం గీతలు.

మూడో_ఇంజనీరు
మేడమ్ చెప్పినది చదివాక నా మొదటి పోస్టు కొంచెం సరిచేసుకోవాలనిపిస్తోంది. పాలసీ ఒక్కటే అన్నాను. కాదు, మేనమామ కూడా.

నేను చేసిన ఓడల్లో ఇలోయిలో, సెబూ, బొహోల్ వాళ్లే ఎక్కువ. అడిగితే ప్రతివాడికీ ఓడలో ఒక మేనమామ ఉంటాడు, బాబాయి ఉంటాడు. ఏ కాలేజీ మంచిది, ఏ ఏజెన్సీ మోసం, మొదటి తుఫానులో వాంతులైతే ఏం చేయాలి, అన్నీ భోజనం దగ్గరే తెలిసిపోతాయి. మన దగ్గర ఒక ఊరంతా కువైట్ పోయినట్టు, ఇంకో ఊరంతా డల్లాస్ పోయినట్టు. కువైట్ మన రక్తంలో ఉందని ఎవడైనా అంటాడా?

అక్కడా అందరూ సముద్రం మనుషులు కారు. మా ఆయిలర్ ఒకడు కొర్డిల్యెరా కొండల్లో వరి మడుల దగ్గర పుట్టాడు, ఇరవై ఏళ్లొచ్చేదాకా సముద్రం చూడలేదు. ఈత ఓడ ఉద్యోగం కోసమే నేర్చుకున్నాడు. వాడంత బాగా పని తెలిసినవాణ్ని నేను చూడలేదు.

కోరంగి_కాకి
మేనమామ మాట దగ్గర నేనూ ఒకటి కలుపుతా. మా ముత్తాత కోరంగి నుంచి రంగూన్ ఓడల మీద కళాసీగా తిరిగాడు. బర్మాలో తెలుగువాళ్లని 'కోరంగీలు' అనేవాళ్లు, మా రేవు పేరే మనుషుల పేరైపోయింది. పాతరాతల_పిచ్చోడు గారు ఊరికీ పడవకీ ఒకటే పేరున్న జాతిని చూపించమన్నారు కదా, రేవు పేరుతో పిలిపించుకున్నవాళ్లం మేం. సగం మార్కులైనా వేయండి.

కుట్టుపడవలు మనకీ ఉన్నాయి. మచిలీపట్నం, మద్రాసు ఒడ్డున కెరటాల్లోంచి సరుకు దించడానికి మసూలా పడవలని వాడేవాళ్లు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు, మేకు ఉండేది కాదు. కెరటం ఒడ్డుకి కొట్టినా పడవ వంగుతుంది గానీ పగలదు. మేకు కొట్టిన ఇంగ్లీషువాళ్ల బోట్లు అక్కడ ముక్కలయ్యేవి.

మరి మనకి ఎక్కడ తెగింది? 1839 తుఫాను కోరంగిని తుడిచిపెట్టింది, మిగిలిన రేవుని గోదావరి ఒండ్రు పూడ్చేసింది. ఆవిరి ఓడలొచ్చాయి, చెక్క ఓడలు పోయాయి. 1941 చివర్లో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక మావాళ్లు ఉన్నది వదిలేసి తిరిగొచ్చారు, కొందరు కాలినడకన. తర్వాత తరంలో ఓడలో మేనమామ లేడు. మా నాన్న ఎల్ఐసీ ఏజెంటు.

దోసావకాయ
ఎల్ఐసీ కూడా ముంచదు, తేల్చదు. వారసత్వమే.

పాతరాతల_పిచ్చోడు
కోరంగి_కాకి గారికి ఫుల్ మార్కులు. నేను ఓడిపోయానని కాదు, ఇది బాగుంది.

మన ఒడ్డుకీ వాళ్ల ఒడ్డుకీ మధ్య పాత తాడు ఒకటి ఉంది, అదీ చెప్పేసి పడుకుంటా. 1989లో మనీలా దగ్గర లగూనాలో ఇసుక తోడుతుంటే ఒక రాగిరేకు దొరికింది. అప్పు తీరిపోయిందని ఒక కుటుంబానికి రాసిచ్చిన పత్రం. మొదటి మాట 'స్వస్తి'. తర్వాత శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం. క్రీ.శ. 900 అన్నమాట. మన శాసనాల్లో తిథి రాసిన పద్ధతే. అప్పు లెక్క 'సువర్ణ'ల్లో. ఆ లిపి జావాలో వాడిన 'కవి' అనే లిపి, దాని మూలం పల్లవుల లిపి. ఇదంతా నడిచి వెళ్లలేదు కదా, ఎవరో ఒకరి ఓడలోనే వెళ్లింది. అలా దీవి నుంచి దీవికి మాటలు చేరాయి. ఇప్పటికీ వాళ్ల భాషలో ముఖాన్ని 'ముఖా' అంటారు, సాక్షిని 'సక్సి', గురువుని 'గురో', ముత్యాన్ని 'ముత్యా'.

దవావ్_డాక్టరమ్మ
అవును! మొదటి సంవత్సరం పేషెంట్ "ముఖా" అని చెంప చూపిస్తే నేను తెలుగులోనే "ముఖంలో ఎక్కడ?" అనేశా. ఆమె చక్కగా వేలు పెట్టి చూపించింది.

వాళ్ల సొంత మాటల్లో 'లిమా' అంటే ఐదు. హవాయిలోనూ లిమానే, న్యూజిలాండ్ మావోరీల్లో రిమా, ఆఫ్రికా పక్కన మడగాస్కర్‌లో దిమి. తైవాన్ నుంచి నాలుగు వేల ఏళ్ల కిందట పడవల్లో దిగొచ్చిన జనం ఫిలిప్పీన్స్ మీదుగా పాకిన దారి ఇదేనని భాష చదివేవాళ్లు చెప్తారు. చేతివేళ్లు లెక్కపెట్టుకుంటూ సగం భూగోళం చుట్టేశారు.

హుస్సేన్‌సాగర్_కెప్టెన్
మేడమ్, లిమా పెరూ రాజధాని. అక్కడికి కూడా పోయిన్రా?

దవావ్_డాక్టరమ్మ
అది వేరే లిమా బాబూ 😀 కవిటి-కావిటే లాంటిదే.

పాత_సరంగు
నాతో చేసిన బోసన్ ఒకడు బొహోల్‌వాడు. శనివారం రాత్రి మెస్‌లో కరోకే పెడితే ఆపడం ఎవరి తరం కాదు. కెప్టెన్ వచ్చి కోప్పడితే ఆయన చేతిలోనే మైకు పెట్టేవాడు. మనిషి మంచి పనివాడు. ఓడను రేవుకి కట్టే హాసర్ తాడు తెగితే వాడు అతుకు వేసేవాడు, చూసినా ఎక్కడ అతికిందో తెలిసేది కాదు. ఎక్కడ నేర్చావురా అంటే వాళ్ల నాన్న బంగ్కాకి కతిగ్ కట్టేటప్పుడు పక్కన కూర్చునేవాణ్నన్నాడు.

వాడి కొడుకుని మాత్రం ఓడ ఎక్కనివ్వలేదు. నర్సింగ్ చదివించాడు.

మూడో_ఇంజనీరు
మా చీఫ్ కుక్ కూడా అంతే. "నాతో ఆగిపోవాలి" అంటాడు.

కవిటి_కుర్రోడు
అందరికీ థాంక్స్. ఆర్‌పీఎస్‌ఎల్ లిస్టు చూశాను. మా ఏజెంటు పేరు లేదు. నాన్నకి ఇంకా చెప్పలేదు, రేపు చెప్తా.

కోరంగి అన్నా, మీ వైపు తాళ్లరేవులో ఇప్పటికీ చెక్క పడవలు కడతారట కదా?

కోరంగి_కాకి
కడతారు. ముందున్నంత లేదు గానీ ఉన్నారు. పెద్దమేస్త్రి ఒకాయన నాకు తెలుసు, కాగితం మీద గీత గీయకుండా కడతాడు. ఆదివారం రా, కాకినాడ బస్టాండ్‌లో దిగి ఫోన్ చెయ్యి. ముందు మీ నాన్నకి విషయం చెప్పి రా.

పాత_సరంగు
నేనూ వస్తా. ఆ లైసెన్సు లేనోడి మెసేజ్‌లన్నీ ప్రింటు తీసి పట్టుకురా బాబూ, ఫిర్యాదు కాగితం అక్కడే కూర్చుని రాద్దాం.

దోసావకాయ
తాళ్లరేవు దాకా వెళ్తే కాజా కూడా తాపేశ్వరం నుంచి తీసుకురావచ్చు. నాకు ఒక కేజీ. పడవ మీద పంపినా పర్లేదు.